స్కైలైన్ డ్రైవ్ మీద మా ఊరు

అక్టోబరు రెండో వారం వచ్చిందంటే ఉత్తర వర్జీనియాలో ఉండే మన తెలుగువాళ్ళకి ఒక వార్షిక కర్తవ్యం గుర్తొస్తుంది. షెనాండోవా వెళ్ళి రంగులు మారిన ఆకులు చూసి రావాలి. శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని నాలుగైదు మినీవ్యాన్లలో బయల్దేరతాం. ఐ-66 మీద రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుంటాం, ఆ తర్వాత కొండ మీద ఇంకో రెండు గంటలు కూర్చుంటాం. ప్రతి వ్యూ పాయింటు దగ్గరా దిగి, ఎర్రటి చెట్టు ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీస్తాం. చీకటి పడకముందే దిగొచ్చి, సోమవారం ఆఫీసులో 'పీక్ కలర్స్' దొరికాయని చెప్పుకుంటాం. నేనూ ఆ బాపతే. పదిహేనేళ్ళలో పన్నెండుసార్లన్నా వెళ్ళుంటాను.

తెలియనివాళ్ళ కోసం కాస్త భూగోళం. బ్లూరిడ్జ్ కొండల వెన్నెముక మీదుగా, ఉత్తరాన ఫ్రంట్ రాయల్ నుంచి దక్షిణాన రాక్‌ఫిష్ గ్యాప్ దాకా 105 మైళ్ళ రోడ్డు ఉంది. అదే స్కైలైన్ డ్రైవ్. గంటకి 35 మైళ్ళు దాటకూడదు. దానికి అటూ ఇటూ రెండు లక్షల ఎకరాలకి కాస్త తక్కువగా అడవి, 500 మైళ్ళ పైచిలుకు కాలిబాటలు. జార్జియా నుంచి మెయిన్ దాకా పోయే అపలాచియన్ ట్రెయిల్‌లో నూరు మైళ్ళు ఈ పార్కులోంచే వెళ్తుంది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం హాక్స్‌బిల్, 4,051 అడుగులు. హిమాలయాల్ని చూసొచ్చినవాళ్ళకి ఇది పెద్ద ఎత్తేమీ కాదు. మన హార్సిలీ కొండల కంటే ఏమాత్రమూ ఎక్కువ కాదు. కానీ తూర్పున పీడ్‌మాంట్ మైదానం, పడమట షెనాండోవా నది మెలికలు తిరిగే లోయ, మధ్యలో ఈ సన్నటి గట్టు. ఎటు చూసినా కొండల వెనక కొండలు, నీలంగా. ఆ నీలం చెట్ల పుణ్యమే. ఓక్ లాంటి చెట్లు ఎండలో ఐసోప్రీన్ అనే వాయువుని వదులుతాయి. అది గాలిలో కలిసి, వెలుతురుని చెదరగొట్టి, దూరపు కొండలకి ఆ రంగు పూస్తుంది.

కార్లో వెళ్ళినన్నాళ్ళూ నాకు తెలిసింది ఇంతే. నలభై దాటాక డాక్టరు షుగరు అంచున ఉన్నావన్నాడు, నేను సైకిలు కొన్నాను. రెండేళ్ళపాటు పాత రైలు మార్గాన్ని బాటగా మార్చిన డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ మీద సాధన చేసి, ఒక మే నెల గురువారం మిత్రుడొకాయనతో కలిసి ఫ్రంట్ రాయల్‌లో స్కైలైన్ డ్రైవ్ ఎక్కాను. రోడ్డు 600 అడుగుల దగ్గర మొదలై 21వ మైలుకల్లా 3,300 అడుగులు దాటుతుంది. గంటకి ఆరేడు మైళ్ళకి మించి పోలేం. ఆ వేగంలో కొండ వేరేగా కనిపిస్తుంది. కారు అద్దంలోంచి పచ్చటి గోడలా ఉండే అడవిలో, చెట్ల మధ్య వరసగా పేర్చిన రాళ్ళ గోడ కనిపించింది. ఎవరూ కొయ్యని ఆపిల్ చెట్టు ఒకటి పూతతో కనిపించింది. అడవిలో ఆపిల్ చెట్టుని నాటిందెవరు? మేరీస్ రాక్ సొరంగం దాటేటప్పుడు లైట్లు వేసుకోవాలని గుర్తుచేసుకుంటూ ఆ ప్రశ్నని పక్కన పెట్టాను. ఆ రాత్రి బిగ్ మెడోస్ లాడ్జిలో కాళ్ళు పట్టేసి నిద్రపట్టక, విజిటర్ సెంటరులో కొన్న పుస్తకం తిరగేస్తే జవాబు దొరికింది. ఈ అడవి తొంభయ్యేళ్ళ కింద అడవి కాదు. చాలాచోట్ల ఊళ్ళు, చేలు, తోటలు, పశువుల బీళ్ళు.

ఆ పుస్తకంలోదీ తర్వాత చదివినవాటిలోదీ క్లుప్తంగా చెప్తాను. తూర్పు తీరపు నగరాల వాళ్ళకి ఒక జాతీయ పార్కు కావాలని 1926లో అమెరికా కాంగ్రెసు అనుమతి ఇచ్చింది. భూమి కొనడానికి మాత్రం డబ్బివ్వలేదు. రాష్ట్రమే సేకరించి దానం చెయ్యాలంది. పడమటి రాష్ట్రాల్లోలాగా ఇక్కడ ప్రభుత్వ భూమి లేదు. వేలకొద్దీ కమతాలు, ఒక్కొక్కటీ ఒక్కో కుటుంబానిది. ఒక్కొక్కళ్ళతో బేరమాడి కొనడం అయ్యేపని కాదని, 1928లో వర్జీనియా శాసనసభ మూకుమ్మడి భూసేకరణ చట్టం చేసింది. ఎనిమిది కౌంటీల్లో వెయ్యికి పైగా కమతాలు అలా పోయాయి. రాబర్ట్ వయా అనే రైతు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1935లో ఓడిపోయాడు. ఆ డిసెంబరు 26న పార్కు ఏర్పడింది. మర్నాటి సంవత్సరం జూలై 3న అధ్యక్షుడు రూజ్వెల్ట్ బిగ్ మెడోస్‌కి వచ్చి దాన్ని జాతికి అంకితం చేశాడు. దాదాపు 500 కుటుంబాలు కొండ దిగాయి. ముసలివాళ్ళు కొద్దిమందిని బతికున్నన్నాళ్ళు ఉండనిచ్చారు. వాళ్ళలో ఆఖరామె యానీ షెంక్ 1979లో తొంభయ్రెండేళ్ళ వయసులో పోయింది.

కొండవాళ్ళ పరిస్థితి అంతకుముందే బాగాలేదు. వాళ్ళ చేతికి నాలుగు డబ్బులు తెచ్చే చెస్ట్‌నట్ చెట్లకి తెగులు పట్టుకుంది. 1904లో న్యూయార్కులో మొదట కనిపించిన ఆ బూజు తెగులు దేశమంతటా వందల కోట్ల చెట్లని మింగేసింది. 1930లలో కరువు, ఆర్థిక మాంద్యం. దానికి తోడు, వీళ్ళు ప్రపంచం తెలియని అనాగరికులనీ, దించడమే వీళ్ళకి మేలనీ 1933లో 'హాలో ఫోక్' అని ఒక పుస్తకమే వచ్చింది. ఖాళీ చేయించేముందు మనుషుల్ని తక్కువ చేసి రాయడం అన్ని దేశాల్లోనూ ఉన్న పద్ధతే కాబోలు. వాళ్ళకంటే ముందు ఈ కొండల్లో వేటాడి బతికిన మనాహోక్, మొనాకన్ తెగల గురించి రాసింది ఇంకా తక్కువ.

ఇదంతా నాకు చరిత్రగా ఆసక్తి కలిగించింది. అంతకంటే దగ్గరగా రావడానికి మా నాయన రావలసి వచ్చింది.

మాది కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో కృష్ణ ఒడ్డు పల్లె. 'మాది' అనడం అలవాటు కొద్దీ అంటున్నాను. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన సుమారు వంద ఊళ్ళలో అదొకటి. కృష్ణకి ఇటు కర్నూలు, అటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో లక్షమందికి పైగా ఊళ్ళు వదిలారు. అప్పటికి నాకు మూడేళ్ళు. నాకు ఒక్క జ్ఞాపకమూ లేదు. నాకు తెలిసిన ఊరల్లా ఒక ద్వారబంధం. ఇల్లు వదిలేటప్పుడు నాయన దూలాలు, వాకిలి ఊడదీసి ఎద్దుల బండి మీద కర్నూలు తెచ్చుకున్నాడట. అద్దె ఇళ్ళ పెరళ్ళలో ఆ టేకు ద్వారబంధం పధ్నాలుగేళ్ళు గోడకి ఆనించి ఉండేది. దాన్ని పట్టుకునే నేను ఎక్కడం దిగడం నేర్చుకున్నాను. 1995లో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు దాన్నే నిలబెట్టాడు. నాయన ధాన్యం మండీలో గుమాస్తాగా చేసి నన్ను చదివించాడు. ఊరి గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. అడిగితే "నీళ్ళల్లో ఉండాది" అనేవాడు. అంతే.

రెండేళ్ళ కిందట అమ్మా నాయనా మా దగ్గర ఆరునెలలు ఉండటానికి వచ్చారు. నాయనకి డెబ్భై నాలుగు. మోకాళ్ళ నొప్పి. మాల్స్ ఆయనకి రుచించవు, గుడికి వారానికి ఒకసారి చాలు. మే మొదటివారంలో ఒక మంగళవారం సెలవు పెట్టి ఇద్దర్నీ షెనాండోవా తీసుకెళ్ళాను. ఎక్కువ నడవలేడు కదాని ఫ్రంట్ రాయల్ గేటు దాటాక అయిదు మైళ్ళలోపే వచ్చే డికీ రిడ్జ్ విజిటర్ సెంటరు దగ్గర ఆగాను. రోడ్డుకి అవతల ఫాక్స్ హాలో ట్రెయిల్ అని మైలూ పాతిక చిన్న చుట్టుబాట ఉంది. మెల్లిగా నడిస్తే గంట.

బాట అడవిలోకి దిగింది. పొడుగాటి టులిప్ పాప్లార్ చెట్లు, కింద లేత ఆకుల నీడ. అమ్మ ఎలుగుబంట్లు ఉంటాయన్న బోర్డు ఎందుకు చదివి వినిపించావని నన్ను సతాయిస్తోంది. నాయన ముందు నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. చెట్ల మధ్య, నాచు పట్టి, నడుమెత్తున ఒక రాళ్ళకుప్ప. అవతల ఇంకొకటి. దాని పక్కన మరొకటి.

"ఇది అడివి కాదురా, చేను," అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"రాళ్ళు వాటంతట అవే కుప్ప పడతాయా? ఎవురో రైతు ఏరి ఏరి పోసినాడు. సూడు, కొండవాలు దిక్కు మళ్ళీ గట్టేసినాడు, మన్ను కొట్టుకపోకుండా." వంగి ఒక రాయిని చేత్తో పట్టుకుని చూశాడు. "ఒక తరం పనిగాదు. ఎవురిదిరా ఈ చేను?"

బాట పక్కన పలకలో రాసింది చదివి చెప్పాను. ఫాక్స్ అనే ఇంటివాళ్ళది. నాలుగడుగులు వేస్తే వాళ్ళ సమాధులే వచ్చాయి. చుట్టూ రాతిగోడ. నేలంతా పెరివింకిల్ తీగ అల్లుకుని, ఊదారంగు పూలు. మన బిళ్ళగన్నేరుకి దూరపు చుట్టం. సమాధుల దగ్గర ఎప్పుడో ఎవరో నాటింది, మనుషులు పోయినా పాకుతూనే ఉంది. "ఇంత దూరమొచ్చి సమాధులు చూసేదేంది?" అని అమ్మ ముందుకి నడిచింది. నాయన మాత్రం గోడ బయట చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాడు. ఈ పార్కులో ఇలాంటి శ్మశానాలు వందకు పైగా ఉన్నాయనీ, వాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పటికీ వచ్చి శుభ్రం చేసుకుపోతుంటారనీ చెప్పాను.

అక్కణ్ణుంచి దక్షిణంగా కారు నడుపుతూ, నాయన అడుగుతుంటే నాకు తెలిసిందంతా చెప్పాను. థార్న్‌టన్ గ్యాప్ వచ్చినప్పుడు మెలాంక్టన్ క్లైజర్ కథ చెప్పాను. ఆయన అక్కడ పెట్రోలు బంకు, చిన్న హోటలు నడుపుకునేవాడు. కదలనని భీష్మించాడు. 1935 అక్టోబరులో పోలీసులు వచ్చి సంకెళ్ళు వేస్తే, ఆ సంకెళ్ళతోనే నిలబడి అమెరికా జాతీయ గీతం పాడాడు. కొండవాళ్ళు పార్కు అధికారులకి రాసుకున్న ఉత్తరాల సంగతి కూడా చెప్పాను. దాదాపు మూడు వందల ఉత్తరాలు దాచిపెట్టి ఉన్నాయి. చాలావాటిలో ఉద్యమమూ లేదు, శాపనార్థాలూ లేవు. వేసిన పంట కోసుకుని పోవచ్చా, పడిపోయిన చెట్టు వంటచెరుక్కి తెచ్చుకోవచ్చా, ఖాళీ అయిన ఇంటి కిటికీలు, తలుపులు తీసుకోవచ్చా అని అనుమతులు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. "మేము అడగలా, పీక్కొచ్చుకున్నాం," అన్నాడు చివరికి.

బిగ్ మెడోస్‌లో బర్డ్ విజిటర్ సెంటరులో పార్కు ఎలా ఏర్పడిందో చూపించే ప్రదర్శన ఉంది. ఖాళీ చేయించిన కుటుంబాల గురించి దాచకుండా పెట్టారు. 1935లో ఆర్థర్ రోత్‌స్టైన్ అనే కుర్ర ఫోటోగ్రాఫరు సర్కారు తరఫున వచ్చి తీసిన ఫోటోలు ప్రసిద్ధమైనవి: గుమ్మాల్లో నిలబడ్డ మనుషులు, చేతులు కట్టుకున్న ఆడవాళ్ళు. ఈ పార్కుకి ఇంకో ముఖం కూడా ఉంది. లూయిస్ మౌంటెన్ అనే చోట నల్లవాళ్ళకి విడిగా క్యాంపు ఉండేది. అందరూ అన్ని చోట్లా కలిసి కూర్చునే రోజు రావడానికి 1950 అయింది. అవన్నీ ఒక్కొక్కటీ చదివి నాయనకి తెలుగులో చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది.

బయట గడ్డిలో కూర్చుని పులిహోర తింటూ నేను రెండోవైపు వాదన చెప్పాను. తొంభయ్యేళ్ళకి ఈ కొండ మళ్ళీ అడవైంది. ఎలుగులు, జింకలు తిరిగొచ్చాయి. ఏటా పదిలక్షలకు పైగా జనం వచ్చి ఇంత గాలి పీల్చుకుని పోతున్నారు. మనలాంటి ఎక్కడివాళ్ళమో కూడా. అట్లాగే శ్రీశైలం వల్ల రెండు గట్ల మీదా కలిపి 1,670 మెగావాట్ల కరెంటు వచ్చింది, రాయలసీమకి కాలవలు వచ్చాయి, మద్రాసుకి తాగునీళ్ళు వెళ్ళాయి. నేను పదో తరగతి చదివింది ఆ వెలుగు కిందే కదా అన్నాను.

"కరెంటు వద్దని ఎవురన్నారు?" అన్నాడు నాయన. "నేను అడిగేది అది కాదు. వీళ్ళకి ఈడ ఒక బోర్డుండాది. ఫలానోళ్ళ చేను అని రాసుండాది. పేర్లుండాయి, ఫోటోలుండాయి. మాకు యాడుండాది?"

దేవుళ్ళకి ఉంది. మునిగే గుళ్ళని రాయి రాయి విప్పి గట్టుకి చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఏడు నదులు కలిసే చోట ఉన్న ఇంకో సంగమేశ్వరుడు నీళ్ళల్లోనే ఉండి, వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు బయటకొస్తే జనం పడవలేసుకుని పోయి వేపదారు లింగాన్ని మొక్కొస్తారు. ఊళ్ళకి అటువంటి వ్యవస్థ లేదు. మునక కుటుంబాలకి ఇంటికో ఉద్యోగమని 1986లో వచ్చిన 98వ నంబరు జీవో కోసం దశాబ్దాలు తిరిగిన వాళ్ళ వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ దరఖాస్తుల్లో తప్ప మా ఊళ్ళ పేర్లు కాయితం మీదకి ఎక్కలేదు.

అయితే ఈ బోర్డులు కూడా ఊరికే రాలేదని నేను చెప్పాను. చాలా ఏళ్ళు పార్కువాళ్ళు చూపించిన కథలో కొండవాళ్ళు వెనకబడ్డవాళ్ళే. 1990లలో ఆ కుటుంబాల వారసులు 'చిల్డ్రన్ ఆఫ్ షెనాండోవా' అని ఒక సంఘం పెట్టుకుని, రికార్డులు తెరవమనీ, మా తాతల గురించి సరిగ్గా చెప్పమనీ వెంటపడ్డారు. ఆ తర్వాతే ప్రదర్శనలు మారాయి. ఇప్పుడు ఎనిమిది కౌంటీల్లోనూ పాత ఇళ్ళ పొయ్యిగొట్టాల ఆకారంలో రాతి స్మారకాలు కట్టుకుని, కొండ దిగినవాళ్ళ ఇంటిపేర్లు చెక్కుకునే పని పెట్టుకున్నారు. మొదటిది 2015లో మాడిసన్ కౌంటీలో లేచింది.

"అంటే మనవళ్ళు అడిగితే వచ్చినాయన్నమాట," అన్నాడు నాయన. ఇంకేమీ అనలేదు. పెరుగన్నం డబ్బా మూత తీసుకున్నాడు.

ఆ మాట నన్ను మూడు రోజులు పట్టుకుంది. కన్సల్టెంటు బతుకు బతికేవాడికి ఊరనేది ప్రాజెక్టుని బట్టి మారుతుంది. ఒహాయో, టెక్సస్, న్యూజెర్సీ, ఇప్పుడు వర్జీనియా. ఎక్కడా ఎవరూ దించలేదు, నేనే కదిలాను. కానీ ఇక్కడ పుట్టిన నా పిల్లలు రేపు "మనది ఏ ఊరు" అంటే చూపించడానికి నా దగ్గరున్నది ఒక ద్వారబంధం ఫోటో. కాయితాలేమైనా ఉన్నాయా అంటే, అవి 2009 అక్టోబరు 2న కర్నూలుని ముంచిన వరదలో పోయాయి. మా పాతబస్తీ ఇంట్లో అటక దాకా నీళ్ళు. భూమి పాసుపుస్తకాలు, పన్ను రసీదులు, పెళ్ళి ఫోటోలు బురదైపోయాయి. ద్వారబంధం మాత్రం నిలబడింది. ఇక ఊరు మిగిలింది నాయన బుర్రలోనే.

శుక్రవారం రాత్రి లాప్‌టాప్ తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. "ఊళ్ళో ఇళ్ళు వరసగా చెప్పు, రాసుకుంటా," అన్నాను. ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన దానికోసమే నలభయ్యేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు, "రాముల గుడి కాణ్ణుంచి మొదలుపెట్టు," అన్నాడు.

ఎక్సెల్‌లో ఒక్కో గడి ఒక్కో ఇల్లు. మొదటి గొడవ దిక్కుల దగ్గర వచ్చింది. నేను ఉత్తరం పైనుండాలంటాను, ఆయన నది పైనుండాలంటాడు. ఊళ్ళో అందరికీ దిక్కు నదే. సరేనని నదిని పైన పెట్టాను. పెద్ద వీధి రెండు రాత్రుల్లో అయిపోయింది. ఎవరి ఇల్లు, ఎంతమంది, ఎన్ని ఎద్దులు, వాకిట్లో ఏ చెట్టు, ఇప్పుడెక్కడున్నారు. పీర్ల చావిడి, కుమ్మరాయన వాము, చావిడి ముందు వేపచెట్టు, ఏటికి పోయే దారి. అమ్మ వంటింట్లోంచి తప్పులు దిద్దుతుండేది. మగవాళ్ళ పేర్లు నాయనవి, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు అమ్మవి.

మూడో రాత్రి మాదిగ గేరి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ముప్ఫయి ఇళ్ళ పైమాటే. నాయనకి పది పేర్లు కూడా రాలేదు. వచ్చినవీ 'ఫలానావాళ్ళ జీతగాడు' అని, 'డప్పు కొట్టే ఆయన తమ్ముడు' అని. అమ్మ కూడా మాట్లాడలేదు. నేను షెనాండోవాలో చదివినదే ఇక్కడా ఉంది. అక్కడ భూమి ఉన్నవాడికి ధర కట్టారు, కోర్టు కాయితాల్లో పేరెక్కింది. ఒకరి చేలో గుడిసె వేసుకుని పనిచేసుకున్న కౌలువాళ్ళకి పైసా రాలేదు, వాళ్ళని వెతికి పట్టుకోవడం ఈనాటికీ కష్టమే. మునిగిన ఊరిని మళ్ళీ రాస్తున్నప్పుడు కూడా ఆ గేరి బయటే మిగులుతుందా?

మర్నాడు పొద్దున్నే నాయన ఎవరెవరికో ఫోన్లు చేసి ఒక నంబరు సంపాదించాడు. ఆ గేరిలో పుట్టి, ఇప్పుడు నందికొట్కూరులో మనవడి దగ్గరుంటున్న ఆయన. నాయనకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఏట్లో ఈత కొట్టారు, వేరే వేరే రేవుల్లో. స్పీకర్లో పెట్టాడు. ఆయన మొదట "ఎందుకు రెడ్డీ ఇప్పుడవన్నీ, ఇంకేమన్నా డబ్బులొస్తాయా?" అని నవ్వాడు. రావని నాయన చెప్పాడు. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఆయన, "సరే రాసుకోమను మీ పిల్లోణ్ణి. మా గేరి నది దిక్కు నుంచి మొదలు కాదు, చెరువు దిక్కు నుంచి," అన్నాడు. ఆ ఒక్క ఫోనులో ఇరవై రెండు ఇళ్ళు వచ్చాయి.

అమ్మా నాయనా అక్టోబరులో వెళ్ళిపోయారు. వెళ్ళేలోపు ఆకుల రంగులకి ఇంకోసారి కొండెక్కాం. నేను సైకిలు కారు వెనక కట్టుకుని తీసుకెళ్ళి, వాళ్ళు పొయ్యిగొట్టం ఒకటే మిగిలిన ఒక ఇంటి దగ్గర కూర్చున్నంతసేపూ కాసేపు తొక్కొచ్చాను.

జాబితా ఇప్పుడు 143 ఇళ్ళు. 134 నిండాయి. తొమ్మిది గడులు ఖాళీ. ఆరు ఆ గేరిలోవి, రెండు ఏటిగడ్డన చేపలు పట్టేవాళ్ళవి, ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి నాలుగేళ్ళుండి పోయిన టైలరుది. పేర్లు దొరకనప్పుడు ఆ వరసలు తీసేస్తే షీటు శుభ్రంగా ఉంటుందని ఫోన్లో అన్నాను. నాయన ఒప్పుకోలేదు. "పేరు తెలీకపోతే ఇల్లు లేకుండా పోతాదా? నంబరేసి పెట్టు," అన్నాడు. వేసి పెట్టాను. ప్రతి ఆదివారం పొద్దున ఫోను చేసినప్పుడు ఇద్దరం ముందు ఆ తొమ్మిదింటి సంగతే మాట్లాడుకుంటాం.